మా ఊరి పేరు పట్టని పద్యం



కొత్తగా రాయడం మొదలుపెట్టిన పిల్లలు నలుగురు కూడిన చోట ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “ఇక జన్మంతా ఒక్క ప్రక్రియలోనే రాయాలి, రెండోది ముట్టుకోవద్దు అని షరతు పెడితే ఏది పట్టుకుంటారు?” ఒకరు కథ అంటారు. ఒకరు వచన కవిత అంటారు. పాట అన్నవాళ్ళకు చప్పట్లు ఎక్కువ పడతాయి. పద్యం అనే గొంతు వెనక వరసలోంచి కొంచెం బెరుకుగా వినిపిస్తుంది. అందరూ తమకు ఏది ఇష్టమో చెబుతారు. దాన్ని పట్టుకుంటే ఏది పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ పోయేదాని గురించి.

మాది కామారెడ్డి జిల్లా రాజంపేట. 2016లో కామారెడ్డి కొత్త జిల్లా అయినప్పుడు మా ఊరు మండల కేంద్రమైంది. అంతకుముందు మేమంతా నిజామాబాద్ జిల్లావాళ్ళమే. ఊరి పేరు ఎందుకు ఎత్తానంటే, ప్రక్రియను ఎంచుకోవడమంటే ఏమిటో మా ఊరి పేరు పెట్టే చూపించవచ్చు. రేడియోలో నల్లబల్ల లేదు కనుక చెవితోనే పట్టుకోవాలి, కాస్త ఓపిక పట్టండి.

వేమన పద్యాలు దాదాపు అన్నీ ఆటవెలదులు. ఆటవెలదికి నాలుగు పాదాలు. ఒకటో పాదంలోనూ మూడో పాదంలోనూ ముందు మూడు సూర్యగణాలు, ఆ వెనక రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండో పాదం, నాలుగో పాదం మాత్రం మొత్తం సూర్యగణాలే, ఐదేసి. సూర్యగణాలు రెండు రకాలే. గురువు తర్వాత లఘువు వస్తే ఒకటి, మూడూ లఘువులే అయితే రెండోది. దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, పక్క అక్షరానికి ఒత్తు ఉన్నా అది గురువు. పొట్టిగా పలికితే లఘువు. అంటే రెండో పాదంలో, నాలుగో పాదంలో ఒక గురువు పక్కన ఇంకో గురువుకు చోటు లేదు.

ఇప్పుడు మా ఊరి పేరు పలకండి. రా, జం, పే. వరసగా మూడు గురువులు. చివర ట ఒక్కటే లఘువు. ఇంక అయిపోయింది. ఆటవెలది రెండో పాదంలోకీ నాలుగో పాదంలోకీ రాజంపేట అడుగు పెట్టలేదు. ఒకటో పాదం, మూడో పాదం చివర మాత్రం చిన్న సందు ఉంది. నాలుగో గణం ‘రా’తో ముగిస్తే, ‘జంపేట’ రెండు గురువులు, ఒక లఘువుతో తగణమనే ఇంద్రగణమై ఐదో గణంలో కూర్చుంటుంది. ఆ ఒక్క మార్గం తప్ప ఇంకోటి లేదు.

తమాషా ఏమిటంటే కామారెడ్డిదీ సరిగ్గా ఇదే కొలత. ఎల్లారెడ్డిదీ ఇదే. కా, మా, రె అని మూడు గురువులు, ఆ పైన ఒక లఘువు. ఎల్లారెడ్డిని మీరే పలికి చూసుకోండి. మా పక్కనున్న దోమకొండ, భిక్కనూరు, ఇంకొంచెం దూరంలోని బాన్సువాడ ఎక్కడ కావాలంటే అక్కడ పడతాయి. రెండేసి సూర్యగణాలు అచ్చంగా కుదిరిన పేర్లవి. దోమకొండ కవి తన ఊరి పేరును మకుటంలో పెట్టి ఆటవెలదుల శతకం రాసుకోగలడు. మా ఊరి కవికి ఆ భాగ్యం లేదు.

అదే పేరును కందంలోకి తీసుకుపోండి. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ‘రాజం’ అన్న రెండు గురువులు ఒక గణం. ‘పేటను’ అంటే గురువు, రెండు లఘువులు, అది ఇంకో గణం. పద్యం మొదటి మాటగానే మా ఊరు వచ్చి కూర్చుంటుంది. అయితే కందానికి ప్రాస తప్పదు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం జకారమే కావాలి. రోజు, భోజనం, బాజా, మోజు... ఊరు పద్యంలోకి వచ్చినందుకు తిండీ పెళ్ళీ కూడా వెంట రావలసిందే. కందం రాసినవాడు కవి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇదంతా గణాల లెక్క, మాకెందుకు అంటారేమో కథలు రాసేవాళ్ళు. మీకూ లెక్క ఉంది. మీది కంటికి కనపడదు, అంతే తేడా. ప్రతి ప్రక్రియా కొన్నిటిని లోపలికి పిలుస్తుంది, కొన్నిటిని వాకిట్లోనే నిలబెడుతుంది. జన్మంతా ఒకటే అని ఒట్టు పెట్టుకునేవాడు, వాకిట్లో నిలబడేవాళ్ళ పేర్లు ముందే చదువుకోవాలి.

వేమన సంగతే చూద్దాం. ఆయన పద్యంలో నాలుగో పాదం మకుటానికి పోయింది. మిగిలినవి మూడు పాదాలు. మొదటి పాదంలో ఒక మాట, రెండో పాదంలో దానికి జోడుగా ఇంకో మాట, మూడో పాదంలో తీర్పు. చాలా పద్యాల నడక ఇదే. ఈ ఇరుకులో కథ చెప్పడం కుదరదు. మనిషి మనసు మెల్లగా మారడాన్ని చూపించడానికి వీలుండదు. ఆయన ఆ రెండింటినీ వదిలేశాడు. దొరికిందేమిటి? ఒక్కసారి వింటే నోటికి వచ్చే పద్యం. కందంలాగా ప్రాస నియమం లేదు కనుక వాడుక మాట నలగకుండా అందులో పడుతుంది. సి.పి. బ్రౌన్ రాతప్రతులు పోగు చేయించి 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. అప్పటికే ఆ పద్యాలు బడి లేని ఊళ్ళలో కూడా నోళ్ళలో ఉన్నాయి. అచ్చు తర్వాత వచ్చింది, నోరు ముందు వచ్చింది. వేమనకు ఆటవెలది సరిపోయిందంటే కారణం ఆ వినే నోళ్ళే అని నా నమ్మకం.

అసలు ఒక్క ఛందస్సుకే కట్టుబడడం మన పాత కవుల అలవాటు కాదు. కవిత్రయ భారతం నుంచి ప్రబంధాల దాకా మన కావ్యాలు చాలావరకు చంపువులు. ఒక వృత్తం, ఒక కందం, ఒక సీసం, మధ్యలో ఒక వచనం. సందర్భం మారగానే కొలత మారుతుంది. మా పక్క దోమకొండ ప్రభువుల వంశంలో కామినేని మల్లారెడ్డి ‘షట్చక్రవర్తి చరిత్రము’ రాసిందీ ఆ దారిలోనే. ఎంచుకోవలసిన అవసరం రాకుండా చేసుకున్న తెలివైన ఏర్పాటు అది. ఒకటే చాలు అన్నవాడు ఆ రోజుల్లో తిరుగుబాటుదారు.

13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు చేసింది అలాంటి తిరుగుబాటే. బసవపురాణం మొత్తం ద్విపద. రెండేసి పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. పాడుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చు. పండితులు ద్విపదను చిన్నచూపు చూశారు, చాలాకాలం చూస్తూనే ఉన్నారు. కానీ ఆ ద్విపదలోకి ఎవరు వచ్చారో చూడండి. చాకలి మడివాలు మాచయ్య, కుమ్మరి గుండయ్య, వేటగాడు కన్నప్ప, బెజ్జమహాదేవి. రాజుల కోసం కట్టిన కావ్యాల్లో వీళ్ళకు ఇంత చోటు ఎక్కడుంది? అలాగని సోమనాథుడు ద్విపదకే ఒట్టు పెట్టుకోలేదు. బసవేశ్వరుణ్ణి ఎదురుగా నిలబెట్టి మాట్లాడాలనిపించినప్పుడు వృత్తాలు అందుకుని వృషాధిప శతకం రాశాడు.

మాది రాజంపేట అనగానే “కడప వైపా?” అని అడుగుతారు. ఆ రాజంపేట వేరు. దాని పక్కనే తాళ్ళపాక ఉంది, అన్నమాచార్యుల ఊరు. ఒక్క ప్రక్రియకు జీవితం ఇచ్చినవాళ్ళు ఎవరయ్యా అంటే తెలుగులో మొదట చెప్పవలసిన పేరు ఆ రాజంపేట వైపుదే. మాకు అసూయగా ఉన్నా ఒప్పుకోవాలి. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. 32,000 సంకీర్తనలు చెప్పాడని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకుల మీద మనకు దొరికినవి 12,000కు పైగా. ఒక పల్లవి, ఎక్కువగా మూడు చరణాలు. ఈ చిన్న కట్టడంలోకి జోలపాట వచ్చింది, దంపుళ్ళ పాట వచ్చింది, అలిగిన ఆడదాని మాట వచ్చింది, కులం గొప్పలను కొట్టిపారేసే మాట వచ్చింది. పల్లవి దగ్గరికి మళ్ళీ మళ్ళీ తిరిగి రావాలి కనుక రానిది ఒకటే, సాగే కథ. చివరికి అన్నమయ్య జీవితకథ చెప్పవలసి వచ్చినప్పుడు చిన్నన్న తాత గారి సంకీర్తనను పక్కన పెట్టి ద్విపద పట్టుకున్నాడు. ఆ ఇంట్లో అంతకుముందే అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణాన్ని ద్విపదలోనే చెప్పింది. తాత వాకిట్లో నిలబెట్టినదాన్ని మనవడు లోపలికి తీసుకువచ్చాడన్నమాట.

మా వైపు ఆడవాళ్ళకు ఈ బాధ లేదు. బతుకమ్మ పాటలో పాదం చివర ‘ఉయ్యాలో’ తగిలిస్తే ఏ సంగతైనా అందులో నడుస్తుంది. సీతమ్మ కష్టాలూ నడుస్తాయి, అత్త పోరూ నడుస్తుంది, ఏడాది కరువూ నడుస్తుంది. పాట కట్టిన ఆవిడ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అది ఆ ప్రక్రియ అడిగే ధర.

ఇక నిజామాబాద్ జైలు సంగతికి వస్తాను. ఈ విషయంలో ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు, అది మన పాత జిల్లాదే కావడం మన అదృష్టం.

1948లో నిజాం సర్కారు దాశరథి కృష్ణమాచార్యులను తెచ్చి నిజామాబాద్ ఖిల్లాలోని జైల్లో పెట్టింది. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. దాశరథికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. వట్టికోట పదేళ్ళు పెద్ద. చదువు కోసం ఇళ్ళలో వంట పనులు చేసి, హోటల్లో పని చేసి, తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మిన మనిషి. ఇద్దరిదీ ఒకే కోపం. ఇద్దరి ముందూ ఒకే గోడ.

దాశరథి బొగ్గుముక్కతో ఆ గోడ మీద పద్యాలు రాశారు. తెలంగాణలో ప్రతి బడి పిల్లవాడికీ తెలిసిన ఆ పద్యం సంగతి చెప్పనవసరం లేదు. నేను అడిగేది ఇది. గోడ మీద బొగ్గుతో కథ రాయగలమా? కాగితం లేనివాడికి పద్యం తప్ప దిక్కు లేదు. నాలుగు పాదాలు గోడ మీద పడతాయి. గోడకు సున్నం వేసినా యతీ ప్రాసా పట్టుకుని తలలో ఉండిపోతాయి. ఒకరు చదివితే పక్క బరాకులో ఇంకొకరు అప్పజెప్పగలరు. ఆ రోజున పద్యం పాతబడిపోయిన వస్తువని మద్రాసులో, బెజవాడలో కొందరు తేల్చేశారు. శ్రీశ్రీ వృత్తాలను వదిలేసి పదిహేనేళ్ళు కావస్తోంది. జైల్లో ఉన్నవాడికి మాత్రం అదే కొత్త ఆయుధం.

వట్టికోట అదే జైలు జీవితాన్ని కథలు చేశారు. ‘జైలు లోపల’ అని ఆ సంపుటి పేరు. అందులో రాజకీయ ఖైదీల వీరత్వం కన్నా మామూలు ఖైదీల బతుకులు ఎక్కువ. ఎవడు ఎందుకు లోపలికి వచ్చాడు, బయట వాడికి ఎవరున్నారు, లోపల ఏం తిన్నాడు. దాశరథి పద్యంలో వీళ్ళు లేరు. ఉండడానికి వీలూ లేదు. సర్కారును ఎదురుగా పెట్టి గర్జించే పద్యంలో పక్క ఖైదీ ఇంటి సంగతి ఎక్కడ ఇరికిస్తాం? అలాగే వట్టికోట కథల్లో ఆ గర్జన లేదు. ఒకే జైలులోంచి ఇద్దరు రెండు సత్యాలు బయటికి తెచ్చారు. ఇద్దరూ పద్యమే రాసి ఉంటే ఆ ఖైదీలు మనకు దక్కేవాళ్ళు కాదు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి అంకితం ఇచ్చింది వట్టికోటకే. పద్యం కథకు పెట్టిన దండంగా నేను దాన్ని చదువుకుంటాను.

తలుపులు తెరిచాక ఇద్దరూ అక్కడే ఆగలేదు. వట్టికోట ‘ప్రజల మనిషి’ నవల రాశారు. దాశరథి గేయానికి పోయారు, వచన కవితకు పోయారు, సినిమా పాటకు పోయారు, గాలిబ్ ఉర్దూ గజళ్ళను తెలుగు చేశారు. జైలు ఎంచిపెట్టిన ప్రక్రియ జైలుతోనే పోనక్కర్లేదు, అలాగని జన్మంతా అందులోనే ఉండనక్కర్లేదు.

నిజంగా ఒకదానితోనే ఉండిపోయినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు. 1964లో ‘యజ్ఞం’ రాశారు. డెబ్బైల తర్వాత ఆయన కలం నుంచి కథలు రావడం దాదాపు ఆగిపోయింది. ఇంకొకరైతే నవలకో కాలమ్‌కో మళ్ళేవారు. ఆయన మళ్ళలేదు. అవార్డుల డబ్బు పెట్టి 1997లో కథానిలయం కట్టి, తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ పోగు చేయడానికి కూర్చున్నారు. 2021లో పోయేదాకా ఆయన ప్రక్రియ మారలేదు, రాయడం పోయి దాచడం వచ్చింది, అంతే. కెనడాలో ఆలిస్ మన్రో కథలకే 2013లో నోబెల్ అందుకుంది. ఇంటి పని, పిల్లల పెంపకం మధ్య దొరికిన సమయానికి కథే సరిపోయిందని ఆవిడే చెప్పింది. ఆవిడ ప్రక్రియను ఎంచింది ఇల్లు.

ఇప్పుడు మన కాలం గురించి ఒక మాట చెప్పకుండా పోలేను. వేమన మీద పరిశోధన చేసిన ఎన్. గోపి 1997లో నానీలు మొదలుపెట్టారు. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. ఆటవెలదిని ఏళ్ళ తరబడి చదివిన మనిషికి నాలుగు పాదాల బలం తెలిసింది, అందులోంచి అది పుట్టింది. కానీ ఆయనే నీటి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నానీ చాలదని ‘జలగీతం’ అనే దీర్ఘకావ్యం రాశారు. ప్రక్రియను పుట్టించినవాడే దాని హద్దు ఎరిగి బయటికి వచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన వరద వేరు. ఇన్ని అక్షరాలు, ఇన్ని పాదాలు అని లెక్క పెట్టి, ఒక పేరు తగిలించి, వాట్సాప్ బృందం పెట్టి, వంద రాసినవారికి ప్రశంసాపత్రం. నెలకో ప్రక్రియ పుడుతోంది. అక్షరాలు లెక్కపెట్టడం వచ్చినవారంతా అందులో చేరుతున్నారు. ఏ సంగతి చెప్పడానికి ఆ లెక్క పుట్టిందో మాత్రం ఎవరికీ పట్టదు. వందమంది ఒకే కొలతలో ఉగాది మీద రాస్తే వంద ఉగాదులు రావు. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోనీ, ఇది నా అభిప్రాయం.

మా దగ్గరి ఉదాహరణే చెబుతాను. 2025 ఆగస్టు చివరి వారంలో మా మండలంలోని ఆర్గొండలో ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు పైగా వాన పడింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. జాతీయ రహదారి మీద బండ్లు నిలిచిపోయాయి. రెండు రోజులు గడవకముందే ఫోన్లలో వాన మీద కవితలు మొదలయ్యాయి. మంచివీ ఉన్నాయి. ఆకాశానికి కన్నం పడిందన్న వరసలో ఒక బొమ్మ కట్టి ఆగిపోయినవే ఎక్కువ. ఏ చెరువు ముందు తెగింది, ఏ వాగు ఎటు మళ్ళింది, పొట్టకొచ్చే వరిలో ఇసుక మేట వేస్తే ఆ రైతు దాన్ని ఎత్తిపోయడానికి ఎవర్ని అడిగాడు, ఎంత అప్పు చేశాడు, ఇవి నాలుగు పాదాల్లో పట్టవు. వీటికి వచనం కావాలి, నలభై పేజీలు కావాలి, పది ఇళ్ళ ముందు కూర్చుని వినే ఓపిక కావాలి. అలాగే ఆ రాత్రి భయం నలభై పేజీల్లో పలచబడిపోతుంది. దానికి ఒక పాట కావాలి, ఒక్క పద్యమైనా కావాలి. నేను చూసినంతలో వచనం పని మిగిలే ఉంది. ఎవరైనా పూనుకుంటే బాగుండును.

రాయడం మొదలుపెట్టిన పిల్లలకు ఒక సలహా ఇస్తాను. ఒట్టు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు మీ ఊళ్ళో నిజంగా జరిగిన ఒక సంగతి తీసుకోండి. దాన్ని కథగా రాయండి, పద్యంగానో గేయంగానో రాయండి, ఒక ఉత్తరంగా కూడా రాయండి. మూడూ పక్కపక్కన పెట్టుకుని, ఏ రూపంలో ఏది జారిపోయిందో గీతలు గీసి చూడండి. ఏ రూపంలో జారిపోయినదాని గురించి మీకు బెంగ లేదో దాన్ని కొన్నేళ్ళు వదలకుండా పట్టుకోండి. బెంగ ఉంటే ఇంకోటి వెతకండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. బడుల్లో పోటీలు పెట్టినప్పుడు ‘కవితల పోటీ’, ‘కథల పోటీ’ అని రూపం మీరే తేల్చేస్తున్నారు. ఈ ఏడాది ఒక్కసారి విషయం మాత్రమే ఇవ్వండి, రూపం పిల్లలకు వదిలేయండి. కథ రాసిన పిల్లనూ కందం రాసిన పిల్లవాణ్ణీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకరిది ఒకరిని చదవమనండి.